సమస్య: “చచ్చినట్టివాఁడె సాక్ష్య మిచ్చె”

పృచ్ఛకులు (సమస్య ఇచ్చినవారు), గుంటూరు: ఇచ్చింది ఆటవెలది పద్యం నాలుగో పాదం, పై మూడూ మీరు కట్టాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు (చిన్న అక్షర గుంపులు), రెండు ఇంద్రగణాలు (పెద్దవి). 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు, ‘చ’కు ‘సా’తో చెల్లుతుంది. షరతు ఒక్కటే: నాలుగు పాదాల్లో ఒక పల్లెటూరి నేర నవల కథ ఇమడాలి. పగ ఉండాలి, గుట్టు ఉండాలి, దయ్యం మాత్రం రాకూడదు. దయ్యం చేత సాక్ష్యం చెప్పిస్తే సమస్యను దాటేసినట్టే, పూరించినట్టు కాదు.

బాపట్ల తమ్ముడు:

గట్టుపైనఁ గూలి గుంటూరు చేరెను
మాట రాక సైగ మనసుఁ దెలిపె
అడుగ నడుగఁ బేరు హంతకు నెఱిఁగించి
చచ్చినట్టివాఁడె సాక్ష్య మిచ్చె

తెనాలి మాస్టారు: మొదటి పాదంలో యతి తప్పింది తమ్ముడూ. గ, గు హల్లు ఒకటే గాని అచ్చు కలవలేదు. ‘గు’కు ఉ, ఊ, ఒ, ఓ ఉన్న అక్షరమే కావాలి. పైగా గట్టు మీద పడ్డవాడికి మాటెందుకు రాలేదో పద్యంలో లేదు. రెండింటికీ ఒకటే మందు:

కుత్తుక తెగి యతఁడు గుంటూరు చేరెను

కు, గుం సరిపోయాయి, మాట పోవడానికి కారణమూ దొరికింది. మూడో పాదంలో అ, హ యతి బాగుంది. ఆ పాదం చివరి ‘ఎఱిఁగించి’ నేరుగా ‘చచ్చిన’ మీదికి జారడమే ఈ పద్యానికి బలం, దాన్ని కదపకు.

నరసరావుపేట వకీలు గారు: సైగ చట్టానికీ నిలుస్తుంది. 1885లో అలహాబాదు హైకోర్టు ముందుకు వచ్చిన అబ్దుల్లా కేసులో గొంతు తెగిన అమ్మాయి చేతి సైగలతోనే జవాబులిచ్చింది. అడిగిన ప్రశ్న, చేసిన సైగ రెండూ కలిపి మరణ వాంగ్మూలమే (చనిపోయినవాళ్లు తమ చావు గురించి చెప్పిపోయిన మాట) అన్నారు. అందుకని నవలలో ప్రశ్నలను కూడా రాయాలి. “వీడేనా పొడిచింది?” అని ఒక్క పేరే అడిగి తల ఊపించుకుంటే, జవాబు నోట్లో పెట్టారని ఎదుటి వకీలు పట్టుకుంటాడు. మేజిస్ట్రేటు రాసుకుంటే బరువెక్కువ. స్పృహలో ఉన్నాడని డాక్టరు సర్టిఫికెట్ ఉంటే మంచిదే గాని, అది లేనంత మాత్రాన వాంగ్మూలం చెల్లకుండా పోదని 2002లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 1872 సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 32(1). 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 26(ఎ). అసలు తమాషా ఏమిటంటే, మనిషి బతికి బయటపడితే ఇది మరణ వాంగ్మూలం కాదు. చస్తేనే సాక్షి. సమస్యలో ఉన్నదీ అదే మెలిక.

చావు ముంచుకొచ్చిన ఘడియలోనే చెప్పాలన్న నియమమూ మన చట్టంలో లేదు. పాకాల నారాయణస్వామి నిందితుడైన కేసు చూడండి. 1937 మార్చి 23న పూరీలో రైలు మూడో తరగతి పెట్టెలో ఉక్కు ట్రంకు, అందులో శవం. ఆ చనిపోయినవాడు డబ్బు కోసం బరంపురం వెళ్తున్నానని పిఠాపురంలో బయల్దేరే ముందు తన భార్యతో అన్న మాటను 1939లో ప్రీవీ కౌన్సిల్ (అప్పటి పై కోర్టు) సాక్ష్యంగా తీసుకుంది. దీని మీద ఎవరైనా పద్యం కట్టండి.

మంగళగిరి అక్కయ్య:

బావిఁ బడియె నంచు బంధువు లేడ్వఁగ
మజ్జలోని నాచు మాటలాడె
కాల్వ నీట ముంచి కడతేర్చి రని చెప్పి
చచ్చినట్టివాఁడె సాక్ష్య మిచ్చె

కథ: మే నెల, కొలుపుల రాత్రి. కాలువలో ముంచి, శవాన్ని ఊరబావిలో పడేస్తారు.

తెనాలి మాస్టారు: “మజ్జలోని నాచు మాటలాడె.” ఈ పాదం దగ్గర దిద్దుడు కలం మూతపెట్టాను.

విజయవాడ డాక్టరమ్మ: నాచు అంటే నీళ్లలో తీగలు సాగేది. మజ్జలో వెతికేది డయాటమ్‌లను, అంటే సిలికా పెంకున్న ఏకకణ జీవులను. పద్యానికి నాచు చాలు, నవలకు చాలదు. మునిగేటప్పుడు గుండె కొట్టుకుంటుంటే నీటితో పాటు అవి ఊపిరితిత్తుల్లోంచి నెత్తురులోకి, అక్కణ్ణించి ఎముక మజ్జలోకి చేరతాయి. చచ్చాక నీళ్లలో పడేస్తే ఊపిరితిత్తుల దాకా రావచ్చు గాని, నెత్తురు కదలదు కాబట్టి మజ్జకు చేరవు. తొడ ఎముక మజ్జను నైట్రిక్ యాసిడ్‌లో కరిగిస్తే పెంకులు మిగులుతాయి. తప్పు జరిగేదీ ఇక్కడే: కడిగిన నీళ్లలోనో గాజు సామానులోనో డయాటమ్‌లు ఉంటే లేని సాక్ష్యం పుడుతుంది. బావి నీళ్లు, కాలువ నీళ్లు రెండూ విడివిడి సీసాల్లో పట్టి పోల్చకపోతే “కాల్వ నీట” అన్న మాటకు ఆధారమే ఉండదు. ఇంకొకటి, మజ్జలో ఏమీ దొరక్కపోయినా మునిగి చావలేదని చెప్పలేం.

నరసరావుపేట వకీలు గారు: అక్కయ్యా, మే నెలలో డెల్టా కాలువలు కట్టేస్తారు కదా! కొమ్మమూరు కాలువలో మనిషిని ముంచడానికి నీళ్లెక్కడివి?

తెనాలి విద్యార్థి:

ఉరికి వేలియాడె నొంటరి వాఁడని
ఊరు నమ్ము గాని యొప్ప దొడలు
అడ్డగీత మెడకు నచ్చొత్తి చూపించి
చచ్చినట్టివాఁడె సాక్ష్య మిచ్చె

విజయవాడ డాక్టరమ్మ: ‘అడ్డగీత’ సరైన మాట. ఉరి గుర్తు మామూలుగా కంఠమణికి పైన, ఏటవాలుగా ఉండి ముడి దగ్గర తెగిపోతుంది. తాడు బిగించి చంపితే గీత కిందుగా, అడ్డంగా, మెడ చుట్టూ తిరుగుతుంది. మెత్తటి తుండుగుడ్డ వాడితే గుర్తు సరిగా పడకపోవచ్చు. హంతకుడి చేతికి ఏమిచ్చారో చూసుకోండి.

గుంటూరు కొత్త సభ్యుడు:

కానరాని వాఁడు గతియించె నని యెంచి
అన్నలాస్తిఁ బంచు కొన్నపిదప
కోర్టు మెట్టులెక్కి గుట్టెల్ల విప్పుచు
చచ్చినట్టివాఁడె సాక్ష్య మిచ్చె

తెనాలి మాస్టారు: రెండో పాదంలో అన్న, కొన్న ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాల పొత్తు). ఆటవెలదిలో చెల్లుతుంది, భేష్. ‘అన్నలాస్తి’ మాత్రం అన్నల ఆస్తి అనిపించే ప్రమాదం ఉంది.

నరసరావుపేట వకీలు గారు: ఏడేళ్లు ఎక్కడ? సహజంగా కబురు తెలియాల్సినవాళ్లకు ఏడేళ్లపాటు ఏ కబురూ లేకుంటేనే చనిపోయాడని చట్టం అనుకుంటుంది. ఏ రోజు చనిపోయాడో మాత్రం అనుకోదు. ఆ తేదీ కావాల్సినవాడే రుజువు చేసుకోవాలి. అన్నలను ఇరికించాలంటే నవలలో ఆ తేదీని వాడండి.

తెనాలి మాస్టారు: మొదటి పాదం ఇలా మారుద్దాం: “ఏడు పంట లయ్యె నిఁక లేఁడు వాఁడని”. ‘అయ్యెను + ఇఁక’ కాబట్టి ‘ని’లోని ఇకారంతో ఏకారానికి యతి. ఏళ్లను పంటల్లో లెక్కపెట్టే ఊరూ కళ్లకు కడుతుంది.

మంగళగిరి అక్కయ్య: వకీలు గారికి జవాబు. వేసవికి ముందే నింపిపెట్టే తాగునీటి చెరువు ఉంటుంది గదా:

చెఱువు నీట ముంచి చిదిమి రసువు లని

పృచ్ఛకులు: గణాలు, యతి సరిపోయాయి, నడక పోయింది. ‘కడతేర్చి రని చెప్పి’లో ఉన్న ఊపు ఇక్కడ నలిగింది. పాత పాదమే ఉంచి, హత్యను మే నెల నుంచి ఆగస్టుకు జరపండి. కొలుపుల రాత్రి బదులు కాలువకు నీళ్లొచ్చిన రాత్రి.