టీఎల్‌డీ మాత్ర, గ్యాస్ సిరప్, ఐరన్ మాత్ర: ఏది ఎప్పుడు వేసుకోవాలి?

ఏటిగట్టు:
కాకినాడలో మా పేట ఆడవాళ్లు చాలామంది రొయ్యల షెడ్డు పనికి వెళ్తారు. వాళ్లలో ఒకావిడకి ఈమధ్యే ఏఆర్‌టీ (హెచ్‌ఐవీకి ఇచ్చే మందుల చికిత్స) మొదలైంది, రోజుకో టీఎల్‌డీ మాత్ర, అంటే మూడు మందులు కలిసిన మాత్ర. షిఫ్టులు మారుతుంటాయి. కడుపు మంటకి గ్యాస్ సిరప్ తాగుతారు, రక్తం తక్కువని ఐరన్ మాత్రా ఇచ్చారు. ఉండేది ఒక్క రేకుల గది, పక్క వాటావాళ్లు వస్తూపోతూ ఉంటారు. మాత్ర ఏ వేళకి వేసుకోమనాలి? డబ్బా ఎక్కడ పెట్టుకోమనాలి?

మందులపెట్టె:
ముందు ఆ సిరప్ సంగతి చూడండి. జెలూసిల్, డైజీన్ లాంటివాటిలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్‌ని అవి కడుపులోనే పట్టేసుకుంటాయి, మందు ఒంటికి సరిగా ఎక్కదు. రోజూ తప్పకుండా మింగుతున్నా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) దిగకపోవచ్చు, అసలు కారణం ఎవరికీ తట్టదు. అందుకని సిరప్‌కి 2 గంటల ముందైనా, తాగిన 6 గంటల తర్వాతైనా టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకీ ఇదే లెక్క. కాకపోతే ఈ ఐరన్, కాల్షియం మాత్రల్ని అన్నంతోపాటైతే టీఎల్‌డీతో కలిపి వేసుకోవచ్చు, పరగడుపున మాత్రం వద్దు. పాంటాప్రజోల్ అనే గ్యాస్ మాత్రతో ఈ పేచీ లేదు, సిరప్ బదులు అది సరిపోతుందేమో డాక్టరుగారిని అడగమనండి.

వేళ అంటారా, ఏ షిఫ్టైనా ఇంట్లో ఉండే గంట చూసుకోవాలి. నిద్ర పట్టకపోతే పొద్దున్నే మంచిది. మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మాత్రకి 4 గంటలు కూడా లేకపోతే వదిలేయాలి. రెండూ కలిపి ఎప్పుడూ మింగకూడదు.

లంకపిల్ల:
డబ్బా అటక మీద వద్దండి. మే నెలలో రేకు కింద అదే అన్నిటికంటే వేడి, ఈ మందు 30 డిగ్రీల లోపు ఉండాలి. పొయ్యికి, నీళ్ల బిందెకి దూరంగా, కింద ట్రంకు పెట్టెలో బట్టల మధ్య పెట్టుకోమనండి. లోపలున్న చిన్న పొట్లం పారేయొద్దు, చెమ్మ పీల్చేది అదే. ఎవరైనా చూస్తారని మాత్రలు కాగితంలో చుట్టిపెడితే మన ఉక్కకి చెమ్మెక్కిపోతాయి. లేబుల్ చింపొద్దు, గడువు తేదీ దానిమీదే ఉంటుంది. డబ్బాని గుడ్డసంచిలో వేసుకోవచ్చు.

మందులపెట్టె:
ఇంకొకటి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి దగ్గు వస్తే, అది ఎన్ని రోజులదైనా సరే, టీబీ పరీక్ష చేయించాలి. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలైతే టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకి డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. ఇంకో మాత్ర కావాలి, అది ఏఆర్‌టీ సెంటర్లోనే ఇస్తారు. వైరల్ లోడ్ పరీక్ష 6 నెలలకి, మళ్లీ 12 నెలలకి. షెడ్డులో హెచ్‌ఐవీ పరీక్ష కాగితం అడిగితే ఇవ్వక్కర్లేదు, 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఉద్యోగానికి ఆ షరతు పెట్టకూడదు. సందేహాలకి ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.