నాన్న రోడ్‌కింగ్‌ని కెఫే రేసర్ చేయొచ్చా? మార్చిన బండిని ఆదివారం రైడ్‌లకి రానిస్తారా? (బెంగళూరు)

మదనపల్లె_యెజ్డీ
అందరికీ నమస్తే. నాన్నగారి 1984 యెజ్డీ రోడ్‌కింగ్ (టూ స్ట్రోక్ బైకు) మదనపల్లెలో మా వసారాలో టార్పాలిన్ కింద పదకొండేళ్లు పడుంది. పోయిన నెల టాటా ఏస్‌లో వేయించుకుని కేఆర్ పురం తెచ్చాను. కిక్కు తిరుగుతోంది, ఇంజన్ పట్టేయలేదు. ఒక సైలెన్సర్‌లో ఎలుక గూడు తప్ప పెద్ద నష్టమేం లేదు. నావి నాలుగు సందేహాలు.

పొడుగు సీటు, వెనక మడ్‌గార్డు తీసేసి కెఫే రేసర్ లాగా ఒంటి సీటు, కిందికి దిగే హ్యాండిల్ పెట్టించాలని ఉంది. దానికి ఫ్రేము వెనక భాగం కొంచెం కోయాలంటున్నాడు మెకానిక్. కోయించొచ్చా? రెండోది, సామాన్లు ఎక్కడ దొరుకుతాయి? మూడోది, అలా మార్చిన బండితో గ్రూపు రైడ్‌కి వస్తే కలుపుకుంటారా, మొహం చిట్లిస్తారా? నాలుగోది, ఆర్‌సీ రెన్యువల్ చేయించి పదేళ్లు దాటింది, ఆంధ్రా నంబరు. కర్ణాటకకి మార్చుకోవడం ఎలా?

ప్రస్తుతానికి వీధి చివరి దాకా వేసి తెస్తున్నాను. లీటరు పెట్రోలుకి 40 మిల్లీ టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) కలుపుతున్నాను.

చిక్‌పేట_జావా
కోయించకు బాబూ, దణ్ణం పెడతా. జావాలు, యెజ్డీలు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ ఫ్రేము మళ్లీ ఎవడూ చేసివ్వడు. నేనేం మడి కట్టుకుని చెప్పడం లేదు, 99లో నేనే ఒకటి కోయించాను. జేసీ రోడ్డు వెనక సందులో గ్రైండర్ పెట్టి పది నిమిషాల్లో పని తేల్చేశాడు. నేను పక్కన నిలబడి టీ తాగుతూ చూశాను. ఇప్పుడు అదే ముక్క కోసం శివాజీనగర్ గుజరీలన్నీ గాలిస్తున్నా. దొరికినవన్నీ తుప్పు పట్టినవో, వంకరవో.

అది సరే గానీ, 40 ఏంటి? ఇప్పుడొచ్చే ఆయిల్‌కి 30 చాలు. ప్లగ్గు మసి కొట్టి చస్తుంది.

ఆర్ఎక్స్_రవ్వ
అందుకే యమహా ఆర్ఎక్స్ 100 కొనమనేది. ఆయిల్‌కి వేరే ట్యాంకు, పంపు తనే చూసుకుంటుంది, కొలతల గొడవే లేదు. 98 సీసీ, 11 హార్స్ పవర్. మీరు యెజ్డీకి కిక్కు వెతుక్కునే లోపు నేను హెబ్బాళ ఫ్లైఓవర్ దిగేసుంటా 😄

లేతు_పని
పీణ్యాలో నాది లేతు షాపు. నెలకి ఎంత లేదన్నా అయిదారు టూ స్ట్రోక్ సిలిండర్లు బోరుకి (అరిగిన లోపలి గోడ చెక్కి సరిచేయడానికి) వస్తాయి. చిక్‌పేట అన్నగారు 30 అని ధైర్యంగా అనేశారు. ఒకసారి మా బల్ల మీదున్న పిస్టన్లు చూస్తే బాగుండు. సైలెన్సర్ వైపు నిలువుగా గీతలు, గోరు ఆనిస్తే టక్కున తగులుతాయి. అడిగితే అందరిదీ ఒకటే మాట, "30 కలిపానన్నా, సరిపోతుందన్నారు." కొత్తగా బోరు చేసిన బండికైతే మొదటి 500 కిలోమీటర్లు 50 కూడా పోయిస్తాను.

చిక్‌పేట_జావా
లేతు తిప్పడం వేరు, బండి నడపడం వేరు. ముప్పై రెండేళ్లుగా జావాలు నడుపుతున్నా, ఒక్క పిస్టన్ పట్టలేదు. ఆ గీతలు ఆయిల్ తక్కువై పడినవి కావు స్వామీ, క్రాంకు సీళ్లు ఎండిపోయి గాలి పీల్చడం వల్ల వచ్చినవి. గాలి ఎక్కువై మంట వేడెక్కి పిస్టన్ ఉబ్బింది. సీలు మార్చకుండా బోరు మాత్రం చేసి పంపిస్తే మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. మీకూ గిరాకీయే కదా.

ఇంకోటి. ఆయిల్ పెరిగితే ఆ మేరకు కార్బ్యురేటర్ జెట్టులోంచి వెళ్లే పెట్రోలు తగ్గుతుంది. అంటే ఎక్కువ ఆయిల్ పోసి మీరే మంటని వేడెక్కిస్తున్నారు. ఇది ఎంతమందికి తెలుసు?

లేతు_పని
గిరాకీ కోసం చెడగొడుతున్నానంటారా? పెద్దవారని ఊరుకుంటున్నా. సీళ్లు చూడకుండా ఏ సిలిండరూ నా షాపు దాటదు. పాత రోజుల్లో మామూలు ఆయిల్‌తో ఒకటికి ఇరవై కలిపేవారు, లీటరుకి 50 మిల్లీ. 40 అంటే ఒకటికి పాతిక. ఈయన చెప్పే 30 అంటే ఒకటికి ముప్పై మూడు. ఎండలో ఇద్దరిని ఎక్కించుకుని నంది కొండ ఎక్కుతుంటే తెలుస్తుంది ఏది చాలో.

గుంజూరు_గుంటూరోడు
మీ ఇద్దరూ ఆయిల్ దగ్గరే ఉన్నారు, అసలు పెట్రోలే మారిపోయింది. ఇప్పుడు బంకులో పోసేది 20 శాతం ఇథనాల్ ఉన్నది. నా యెజ్డీ మూడు వారాలు కదల్లేదు. తీసి చూస్తే పెట్రోల్ పైపు చూయింగ్ గమ్ లాగా మెత్తబడింది, ట్యాంకు కాక్ (పెట్రోలు కుళాయి) దగ్గర వాషర్ కారుతోంది, కార్బ్యురేటర్ గిన్నె అడుగున తెల్లటి పొడి. ఇథనాల్ తేమని లాగుతుంది కాబట్టి నిలవుంచిన పెట్రోలుతో ఇదే గోల. ఇప్పుడు బండి రెండు వారాలు కదలదనిపిస్తే కాక్ కట్టేసి, దానంతట అది ఆగిపోయేదాకా నడిపి గిన్నె ఖాళీ చేస్తున్నా. వసారాలో పదకొండేళ్లు పడున్న బండి అన్నారు కదా, ముందు ఆ పైపు మార్చండి. సీటు సంగతి తర్వాత.

మదనపల్లె_యెజ్డీ
పైపు మార్చాను, థ్యాంక్స్ అన్నా. ఆర్‌సీ గురించి ఎవరైనా?

సర్జాపుర_బుల్లెట్
వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోండి, గొడవ వదిలిపోతుంది. నంబరు ప్లేటు మీద వీఏ అని వస్తుంది, చూడ్డానికి దర్జాగా కూడా ఉంటుంది.

హోసూరు_రాణి
తెలియనప్పుడు ఊరుకోవచ్చు కదండీ. 2021లో వచ్చిన ఆ రూల్ మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండ్లకి. ఈయనది 84. పైగా ఫీజు 20 వేలు, బండి ఒరిజినల్‌గా ఉండాలి, రోజూ తిప్పకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో తీయాలంతే. నా 1968 జావాకి ఆ అర్హత ఉంది, అయినా నేను తీసుకోలేదు. నడపడానికి కొన్నానా, షోకేస్‌లో పెట్టడానికా?

మదనపల్లె గారూ, మీ మూడో ప్రశ్నకి నేను చెబుతా. నా మొదటి రైడ్‌కి దేవనహళ్లి దాటాక టీ కొట్టు దగ్గర ఆగాం. పాతిక బండ్లు, ఆడదాన్ని నేనొక్కదాన్నే. ముగ్గురు వేర్వేరుగా వచ్చి "మీ ఆయన బండా మేడమ్?" అని అడిగారు. నాలుగో ఆయన ఏమీ అడక్కుండా వంగి నా పాయింట్ బాక్స్ (ప్లగ్గుకి స్పార్కు పంపే పాయింట్లుండే డబ్బా) మూత చూసి, స్క్రూ వదులైందమ్మా అని తన స్క్రూడ్రైవర్ చేతిలో పెట్టాడు. తను బిగించలేదు, నాకిచ్చాడు. ఆ రోజు నుంచీ ఆదివారాలు వదలడం లేదు. మీ బండి ఎలా ఉందని ఎవరూ పట్టించుకోరు. దారిలో ఆగిపోతే పక్కన కూర్చునే ఓపిక ఉందా లేదా, అదే చూస్తారు.

కొత్తజావా2019
పట్టించుకోరా? భలే చెప్పారు. నేను కొత్త జావాతో వస్తే "ఇది జావా కాదు, నువ్వు వెనకుండు" అన్నారు. ఇరవై టూ స్ట్రోకుల వెనక ఆఖరి బండి నాది. ఇంటికొచ్చాక చొక్కా రెండుసార్లు ఉతికినా పొగ వాసన పోలేదు. మా ఆవిడ పెట్రోల్ బంకులో పడుకున్నావా అంది. ట్యాంకు మీద అదే పేరు, అదే మెరూన్ రంగు. ఇంకేం కావాలి మీకు?

చిక్‌పేట_జావా
పేరు సంగతి చెబుతా విను. యానెచెక్ (ఇంగ్లీషులో Janecek) అనే చెక్ ఆయన 1929లో వాండరర్ అనే జర్మన్ కంపెనీ వాళ్ల డిజైన్ కొని మొదలుపెట్టాడు. ఆయన పేరులోంచి జా, వాళ్ల పేరులోంచి వా. మన దగ్గర 61లో మైసూరులో మొదలైంది. ఒకే సిలిండరుకి రెండు సైలెన్సర్లు, గేర్ రాడ్డే లోపలికి నొక్కి తిప్పితే కిక్ రాడ్డు. నీది నీళ్లతో చల్లబడే ఫోర్ స్ట్రోకు, బటన్ నొక్కితే స్టార్ట్. మంచి బండే, కాదనను. చుట్టమే గానీ మా ఇంటి మనిషి కాదు.

కొత్తజావా2019
2018లో కొత్త కంపెనీ వాళ్లు మళ్లీ తేకపోతే మా వయసువాళ్లకి ఆ పేరే తెలిసేది కాదు. ఇంట్లో పెళ్లికి చుట్టాలే పని చేస్తారు అంకుల్, ఇంటి మనుషులు కుర్చీల్లో కూర్చుంటారు. పోయినసారి మీ బండికి టో తాడు కట్టి లాగింది ఎవరో గుర్తుందా?

మోడరేటర్
వ్యక్తిగత మాటలు వద్దు. జూలై రెండో ఆదివారం జావా డేకి ఇద్దరూ ఎదురుపడాల్సినవాళ్లే.

ఆర్ఎక్స్_రవ్వ
జావా డేకి మైసూరు పోదాం అన్నారు కదా, ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీద 2023 ఆగస్టు నుంచి టూ వీలర్లని రానివ్వడం లేదు, సర్వీస్ రోడ్డులోనే పోవాలి. మద్దూరులో వడ తినడానికి ఎలాగూ దిగాల్సిందే, కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

బై ద వే, నా ఆర్ఎక్స్‌కి పెట్టించిన పొట్ట సైలెన్సర్ పోలీసులు అక్కడికక్కడే విప్పించి తీసుకుపోయారు. ఇంటిదాకా తోసుకుంటూ వచ్చాను. ఎవరి దగ్గరైనా ఒరిజినల్ సైలెన్సర్ ఉందా? "జపాన్ మాల్" అని డూప్లికేట్ అంటగట్టేవాళ్లు దయచేసి రావద్దు.

సర్జాపుర_బుల్లెట్
వాడు అడిగింది యెజ్డీ గురించి, నువ్వు సైలెన్సర్ బేరం పెట్టావు.

లేతు_పని
తమ్ముడూ మదనపల్లె, ఆయిల్ సంగతి పక్కన పెట్టు, ఒక జాగ్రత్త చెబుతా. ఫ్రేముకి పౌడర్ కోటింగ్ చేయించేటప్పుడు చాసిస్ నంబర్ మీద టేపు వేయించు. నా కస్టమర్ ఒకతను నున్నగా నల్లగా మెరిసేలా కోటింగ్ చేయించాడు. ఆ పొర అంకెల గాడుల్లో నిండిపోయి నంబరు కనపడలేదు. తనిఖీలో ఇన్‌స్పెక్టర్ వేలితో తడిమి, టార్చి వేసి, "బండి ఎక్కడిది?" అని అడగడం మొదలుపెట్టాడు. పాపం అతను అక్కడే బ్లేడుతో ఒక్కో అంకె గీకి చూపించాడు. కొత్త కోటింగ్ మీద ఇప్పటికీ ఆ గాట్లున్నాయి.

ఆర్‌టీవో_బాధితుడు
నాలుగో ప్రశ్నకి ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి రాస్తున్నా.

ఆర్‌సీ గడువు తీరిన బండికి ఎన్ఓసీ (వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆర్‌టీవో ఇచ్చే పత్రం) అడిగితే నన్ను వెనక్కి పంపారు. ముందు రెన్యువల్ కావాలన్నారు. రెన్యువల్ అంటే ఆ బండి నమోదైన చోట ఇన్‌స్పెక్టర్ దాన్ని కళ్లారా చూడాలి. అంటే మీరు టాటా ఏస్‌లో తెచ్చిన బండిని మళ్లీ టాటా ఏస్‌లో మదనపల్లె పట్టుకెళ్లాలి. గడువు తీరిన కాగితాలతో నడుపుకుంటూ పోవద్దు. ఆలస్యానికి ఫైను ఉంటుంది, రెన్యువల్ అయితే అయిదేళ్లకి ఇస్తారు. ఆ తర్వాత ఎన్ఓసీ, ఇక్కడ టాక్స్, కొత్త నంబరు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే మార్చుకోవాల్సిందే.

ఇంకో మాట. 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పేసింది, కంపెనీ ఇచ్చిన కొలతలకి భిన్నంగా బండిని మార్చకూడదని. ఫ్రేము కోసిన బండిని ఇన్‌స్పెక్టర్ ముందు పెడితే రెన్యువల్ మాట దేవుడెరుగు. నేను పెట్టాను, అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

మదనపల్లె_యెజ్డీ
మళ్లీ మదనపల్లెనా 😭 పోయినసారే ఏస్ వాడు 6,500 తీసుకున్నాడు. ముందే అడిగుంటే వసారాలోనే ఉంచేవాణ్ణి. నాన్నకి ఫోన్ చేసి చెబితే అయిదు నిమిషాలు ఆపకుండా నవ్వాడు.

గుంజూరు_గుంటూరోడు
నవ్వనీండి. ఖాళీగా పంపకండి, పొడుగు సీటు బిగించే పంపండి. వచ్చాక ఏం మార్చినా నట్టు విప్పితే మళ్లీ పాతది బిగించేలా చేసుకోండి. నేనలాగే చేశా. ఒంటి సీటు పాత బోల్టుల మీదే కూర్చుంటుంది, హ్యాండిల్ కూడా అంతే. విప్పినవన్నీ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టా.

హోసూరు_రాణి
ఆ గోనెసంచిలో వెనక లైటు ఉంటే నాకు కావాలి.

మదనపల్లె_యెజ్డీ (మూడు నెలల తర్వాత)
అప్‌డేట్. రెన్యువల్ అయింది, ఎన్ఓసీ కూడా చేతికొచ్చింది. ఫ్రేము కోయలేదు. తక్కువ ఎత్తు హ్యాండిల్, బోల్టుల మీద ఒంటి సీటు, అంతే. నాన్న చూసి "నేనెక్కడ కూర్చోవాలి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఆదివారానికి పాత సీటే బిగించాను.

హార్స్‌లీ కొండకి మనవాళ్లతో మొదటి రైడ్ వేశాను. హొసకోట దాటేదాకా బాగానే ఉంది. కైవారం దగ్గర రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది. చిక్‌పేట గారు, లేతు అన్న ఇద్దరూ బండ్లు స్టాండు వేసి దిగారు. ప్లగ్గు విప్పి చేతులు మార్చుకుంటూ అరగంట సేపు 30, 40 అని వాదించుకున్నారు. నాన్న చింతచెట్టు కింద కూర్చుని వినోదం చూశాడు. చివరికి రాణిగారు వచ్చి పాయింట్ బాక్స్ మూత తీశారు. పాయింట్లు దాదాపు మూసుకుపోయాయి. గ్యాపు 0.4 మిల్లీమీటర్లకి సర్ది, నాన్న జేబులోని విజిటింగ్ కార్డు మధ్యలో పెట్టి రుద్ది మసి తుడిచారు. మొదటి కిక్కుకే స్టార్ట్. కొత్త జావా అతను ఈసారి కూడా ఆఖర్నే వచ్చాడు, కానీ అందరి జర్కిన్లూ అతని బండి మీదే ఉన్నాయి.

చిక్‌పేట_జావా
పాయింట్లు సరే. ప్లగ్గు మాత్రం నల్లగా ఉంది బాబూ. 40 పోస్తున్నావని చూడగానే తెలిసింది.

లేతు_పని
నల్లగా కాదు, తడిగా ఉంది. ఫోటో తీశాను. పెట్టమంటారా?