అప్‌డేట్: నాన్న ముంజేతి మీద పాలిపోయిన మచ్చ – ఏమిటో తేలింది

రెండు నెలల కింద అడిగాను. దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఉంటున్న నాన్నకు ముంజేతి మీద పాలిపోయిన మచ్చ, దురద లేదు, ఏం చేయాలని. "దూదితో తాకి చూడండి" అన్నవారికి దండం. కళ్లు మూయించి తాకితే నిజంగానే తెలియలేదు.

పీహెచ్‌సీలో డాక్టర్ మోచేతి దగ్గర నరం నొక్కి చూశారు, ఒంటి మీద మచ్చలు లెక్కపెట్టారు. రెండే. కుష్ఠు, తొలి దశ. ఆరు నెలల మందులు, పైసా ఖర్చు లేదు.

నానమ్మ నాగదోషమని పుట్టలో పాలు పోయించింది, ఐదు నెలలు అక్కడే పోయాయి. నేనూ తక్కువేం కాదు, తామర క్రీము మూడు ట్యూబులు రాశాను. రెండూ దండగే. బొల్లి అన్నవారికి: బొల్లిలో స్పర్శ పోదట.

మొదటి డోసు రోజు మూత్రం ఎర్రగా వస్తే నాన్న టెన్షన్ పడ్డాడు. ఆ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంది, అది వేసుకుంటే అంతేనట. కంచం వేరే పెట్టాలా అని అమ్మ మెల్లగా అడిగింది, అక్కర్లేదన్నారు. ఇంట్లో మమ్మల్నందరినీ కూడా చూసి, మాకు రాకుండా ఒక్కసారి వేసుకునే డోసు ఇచ్చారు.

ఊళ్లో మాత్రం ఇంకా చెప్పలేదు, చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. ఇప్పుడు రెండో ప్యాకెట్ నడుస్తోంది.