టక్సన్ వెనక సీటా, ఎక్స్1 వెనక సీటా? బెంగళూరు గుంతల్లో తిరిగినవాళ్లు చెప్పండి

సెకండ్ హ్యాండ్‌లో రెండు కార్లు చూస్తున్నాం: 2022లో రూపం మార్చుకుని వచ్చిన హ్యుందాయ్ టక్సన్ డీజిల్, 2023 బీఎండబ్ల్యూ ఎక్స్1 డీజిల్. ఎక్స్1 ధర ఎక్కువే, సర్దుకోగలం. టక్సన్ గ్రిల్‌లో కలిసిపోయే లైట్లు మా ఆవిడకి తెగ నచ్చాయి. నాకు కాస్త అతి అనిపించింది, అది వేరే సంగతి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) టక్సన్‌ది 2755 మి.మీ., ఎక్స్1ది 2692. కాళ్లకి చోటు రెండింట్లోనూ చాలు.

అసలు టెన్షన్ నాన్న నడుము గురించి. ఎల్4-ఎల్5 డిస్క్ (నడుము కింది భాగంలో వెన్నుపూసల మధ్య ఉండేది) సమస్య. వెనక ఎడమవైపు కూర్చుంటారు. వర్తూరు వైపు 20-30 స్పీడులో వెళ్తున్నా, గుంత తగిలిన ప్రతిసారీ ముందు సీటు గట్టిగా పట్టుకుంటారు. ఇప్పుడున్న హ్యాచ్‌బ్యాక్‌లో టైర్ల గాలి 33 పీఎస్ఐ నుంచి 30కి తగ్గించాం, నడుముకి కుషన్ పెట్టాం. లాభం లేదు. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే నున్నటి రోడ్డు దాటనివ్వలేదు. రివ్యూల్లో ఎంతసేపూ డ్రైవర్ సీటు గోలే.

సర్వీస్ ఖర్చుల లెక్క మా దగ్గరుంది, అది వద్దు. కంపెనీ సైజు టైర్లతో, కారులో ముగ్గురే ఉన్నప్పుడు, నెమ్మదిగా గుంత దాటితే వెనక కూర్చున్నవాళ్లకి కుదుపు తక్కువ తెలిసేది ఈ రెండింట్లో దేంట్లో?