‘అన్‌ఇన్వైటెడ్’ని తెలుగులో ఏమందాం?

అడిగినవారు:
అందరికీ నమస్కారం. 1951లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. ‘డాన్స్’ అని ఆ జట్టు పేరు (‘డాన్’కి బహువచనం, నాట్యం కాదు). ఆ సీజన్లో తొమ్మిది మ్యాచ్‌లు ఆడి తొమ్మిదీ గెలిచారు. అయినా సీజన్ చివర జరిగే పెద్ద మ్యాచ్ ఒక్కదానికీ పిలుపు రాలేదు. అందుకే వాళ్ళని ఇంగ్లిష్‌లో ‘అన్‌డిఫీటెడ్, అన్‌టైడ్, అన్‌ఇన్వైటెడ్’ అంటారు. నేను ‘అపరాజిత, అసమాన, అనాహూత’ అని పెట్టాను. ఇంట్లో చదివి వినిపిస్తే సహస్రనామాల్లా ఉందని నవ్వారు. ఏం చెయ్యమంటారు?

రిటైరైన తెలుగు మాస్టారు:
‘అపరాజిత’తో పేచీ లేదు. ‘అసమాన’ కుదరదండీ. మ్యాచ్ డ్రా కాలేదని చెప్పబోయి సాటిలేనివాళ్ళని పొగిడారు. ‘అనాహూత’ దగ్గరే అసలు చిక్కు. అనాహూత అతిథి అంటే పిలవకుండా వచ్చి కూర్చున్నవాడు. మన ‘పిలవని పేరంటం’ కూడా అంతే, తప్పంతా వెళ్ళినవాళ్ళ మీదే పడుతుంది. ఈ కుర్రాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు కదా! దక్షయజ్ఞం తలుచుకోండి. పుట్టింటికి పిలవకపోయినా వెళ్ళొచ్చని బయల్దేరిన సతీదేవి అనాహూత. కైలాసంలో ఉండిపోయిన శివుణ్ణి ఆ మాట అనం. ఆయన సంగతి చెప్పాలంటే ‘దక్షుడు పిలవలేదు’ అనాలి. పిలవనివాడి పేరు వాక్యంలోకి వచ్చి తీరుతుంది.

డాలస్ నుంచి ఒక సభ్యురాలు:
అసలు ఈ పిలుపు గొడవేమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది మన ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని ఎక్కువగా చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. ఎవరూ దీన్ని ‘కాలిబంతి’ అని మాత్రం రాయకండి ప్లీజ్. సీజన్ అయ్యాక ‘బౌల్’ మ్యాచ్‌లుంటాయి. బౌల్ అంటే ఇక్కడ గిన్నె కాదు. గిన్నె ఆకారంలో కట్టిన స్టేడియం పేరే మ్యాచ్ పేరైపోయింది. ఆ రోజుల్లో ఈ మ్యాచ్‌ల్లో చాలావాటికి క్వాలిఫై అవడమంటూ లేదు, కమిటీలు నచ్చిన జట్టుని పిలిచేవి. పిలిస్తే కాలేజీకి డబ్బు కూడా వచ్చేది.

ఆ జట్టులో ఆలీ మాట్సన్, బర్ల్ టోలర్ అని ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళు ఉన్నారు. మాట్సన్ ఆ ఏడాది బంతితో 1,566 గజాలు పరిగెత్తాడు, 21 టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం) చేశాడు. రెండిట్లోనూ దేశంలో అతనే ఫస్ట్. న్యూయార్క్ వెళ్ళి ఫోర్డమ్ యూనివర్సిటీ జట్టు మీద 32-26తో గట్టెక్కారు గానీ, మిగతా మ్యాచ్‌ల్లో అంత టెన్షన్ లేదు. చివర్లో లయోలాని 20-2తో కొట్టారు. అమెరికా దక్షిణాది బౌల్ వాళ్ళ నుంచి వచ్చిన కబురు ఒక్కటే: ఆ ఇద్దరు నల్లజాతి ఆటగాళ్ళనీ వదిలేసి వచ్చేట్టయితే రండి. జట్టంతా కుదరదంది. ఆడిన ప్రత్యర్థులు అంత గట్టివాళ్ళు కారన్న సాకు కూడా వినపడుతూ ఉంటుంది, అది పక్కన పెట్టండి. బౌల్ డబ్బు రాలేదు, అప్పటికే నష్టాల్లో ఉన్న యూనివర్సిటీ ఆ సీజన్‌తోనే ఫుట్‌బాల్ మానేసింది.

గుంటూరు నుంచి ఒకరు:
అమ్మా, అయితే వాళ్ళు ‘పిలవనివాళ్ళు’ ఎలా అయ్యారు? షరతు పెట్టయినా పిలిచారుగా. ‘పోనివాళ్ళు’ అనాలి.

మాస్టారు:
మంచి మాట అన్నారు. కానీ మీ ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, ‘మీ పెద్దాణ్ణి మాత్రం తీసుకురావద్దు’ అంటే దాన్ని పిలుపంటారా? మన దగ్గర ‘సహపంక్తి’ అనే మాట ఊరికే పుట్టలేదు. ఒకే వరసలో కూర్చోనివ్వని భోజనాలు ఉండబట్టే దానికి విడిగా ఒక పేరు కావాల్సొచ్చింది.

ఇంకో సంగతి. ‘పిలవని జట్టు’ అనకండి. తెలుగులో దానికి రెండర్థాలు: ఎవరూ పిలవని జట్టు, ఎవర్నీ పిలవని జట్టు. ‘పిలవబడని’ అన్నారంటే నేను ఈ గ్రూపులోంచి వెళ్ళిపోతాను. విశేషణాలు వదిలేసి క్రియలు వాడండి. ‘ఓడలేదు, డ్రా చేసుకోలేదు, పిలవలేదు.’ మొదటి రెండిటికీ కర్త జట్టు. మూడో మాటకొచ్చేసరికి చెప్పకుండానే కర్త మారిపోయి, పిలవనివాళ్ళు బయటపడతారు. ఇంగ్లిష్‌లో వాళ్ళు ‘అన్’ వెనకాల దాక్కున్నారు.

అడిగినవారు:
ఇది అద్భుతంగా ఉంది మాస్టారూ. కానీ ‘డ్రా చేసుకోలేదు’ ఈ కాలం పాఠకుడికి ఎందుకో అర్థమవుతుందా? గెలిచాక ఆ ముక్క వేరే చెప్పాలా?

డాలస్ సభ్యురాలు:
అప్పట్లో చెప్పాలి. కాలేజీ ఫుట్‌బాల్‌లో 1995 సీజన్ దాకా కొన్ని మ్యాచ్‌లు సమంగా ముగిసేవి, ఆ తర్వాతే అన్ని మ్యాచ్‌లకీ ఓవర్‌టైమ్ (ఫలితం తేలేదాకా అదనంగా ఆడించడం) వచ్చింది. ఓడకపోయినా మధ్యలో ఒకట్రెండు డ్రాలున్న జట్లు ఉండేవి, వాళ్ళ నుంచి వీళ్ళని వేరు చెయ్యడానికి ఆ మాట. ‘తొమ్మిదికి తొమ్మిదీ గెలిచారు’ అంటే తెలుగులో రెండూ ఒకేసారి వచ్చేస్తాయి.

ఆ తర్వాతి సంగతులు కూడా రాయండి. ఆ ఒక్క జట్టు నుంచే మాట్సన్, జీనో మార్కెట్టి, బాబ్ సెయింట్ క్లెయిర్ ముగ్గురూ మేటి ఆటగాళ్ళకి దక్కే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళారు. మాట్సన్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో పరుగులో రెండు పతకాలు తెచ్చాడు. టోలర్‌కి మోకాలు దెబ్బతిని ఆట పోయింది గానీ, 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) మొదటి నల్లజాతి మ్యాచ్ అధికారిగా మైదానంలోకి తిరిగొచ్చాడు. జట్టు వార్తలు పత్రికలకి అందించే కుర్రాడు పీట్ రోజెల్ 1960లో ఆ ఎన్‌ఎఫ్‌ఎల్‌కే కమిషనర్, అంటే అధిపతి, అయ్యాడు.

అడిగినవారు:
సరే, శీర్షిక ఖాయం: ‘తొమ్మిదీ గెలిచారు, అయినా పిలవలేదు’. గుంటూరు వారి ‘పోనివాళ్ళు’ చివరి పేరాలో వాడుకుంటాను.

గుంటూరు నుంచి ఒకరు:
వాడుకోండి. ఆ ‘1,566 గజాలు’ మాత్రం యార్డులని మార్చండి. మా వైపు గజాలంటే ప్లాటు అనుకుంటారు, ధరెంతని అడుగుతారు.