ఇంట్లో బోల్ట్ యాక్షన్ రైఫిల్: బ్యారెల్ నేనే బిగించుకోవచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాను, గ్రీన్‌కార్డ్ ఉంది. జింకల వేటకి రెమింగ్టన్ 700 యాక్షన్ (తూటాని లోడ్ చేసి పేల్చే యంత్రాంగం) మీద, 6.5 క్రీడ్‌మోర్ అనే తూటాకి, నా భుజానికి సరిపోయే రైఫిల్ చేసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. స్టాక్ (భుజానికి ఆనించే భాగం), స్కోప్ నేనే అమర్చుకోగలను, బ్యారెల్ దగ్గరే టెన్షన్.

జవాబు 1: అన్నా, బ్యారెల్ మాత్రం గన్‌స్మిత్‌కే ఇవ్వు. హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో తూటా ఆనే చోటికీ మధ్య దూరం) తేడా అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, అది ఎక్కువైతే తూటా కేస్ చీలి వేడి గ్యాస్ నీ ముఖం మీదికే రావచ్చు. ఆ దూరం కొలిచే గో గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు, ఆ పరీక్ష నీ కళ్ళముందే చేయించుకో. స్టాక్ బెడ్డింగ్ (యాక్షన్ స్టాక్‌లో కదలకుండా అమరేలా చేయడం) మాత్రం నువ్వే చెయ్యి, ఓపిక ఉంటే చాలు, గురిలో తేడా నీకే తెలుస్తుంది.

జవాబు 2: ఇది చదివే హెచ్1బీ వాళ్ళకి ఒక మాట. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా మీరు తుపాకీ పట్టుకోవడమే ఫెడరల్ నేరం.

జవాబు 3: ఊళ్ళో తమ్ముళ్ళకి ఈ ఫొటోలు పంపి ఆశ పెట్టకండి. ఇండియాలో లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేస్తే ఆయుధాల చట్టం 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్ళ జైలు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా, బ్యారెల్ గన్‌స్మిత్‌కే ఇస్తున్నా.