మెట్ల మీద ఎత్తులో ఉన్న గోడ ఖాళీని అటకగా ఎలా మార్చాలి?

రాజమండ్రిలో మాది పాత డాబా ఇల్లు. పైకి వెళ్లే మెట్ల పక్క గోడలో, బాగా ఎత్తున ఒక ఖాళీ ఉంది. వెడల్పు 4 అడుగులు, ఎత్తు 3, లోతు రెండున్నర. అడుగున స్లాబే కాబట్టి బరువు భయం లేదు. ప్రస్తుతానికి అక్కడ పావురాలు కాపురం ఉంటున్నాయి.

బొమ్మల కొలువు పెట్టెలు, పెళ్లిళ్లకి తీసే గుండిగలు, రగ్గులు అందులో సర్దాలని మా అత్తగారి కోరిక. చిక్కంతా నిచ్చెనతోనే. కింద మెట్లు కావడంతో మామూలు నిచ్చెన కాళ్లు సమంగా ఆనవు. ఒక్కో కాలు పొడవు విడిగా మార్చుకునే అల్యూమినియం నిచ్చెనలు ఉన్నాయట, ఎవరైనా వాడారా? గుండిగ పట్టుకుని దిగేటప్పుడు కదలకుండా ఉంటుందా?

ఖాళీ వెనక గోడ బాత్రూమ్‌ది, వానాకాలంలో చెమ్మ వస్తుంది. ముందు వాటర్‌ప్రూఫింగ్ ఎలాగూ చేయిస్తాం. తలుపులకి వడ్రంగి బీడబ్ల్యూపీ ప్లైవుడ్ (నీటికి తట్టుకునే రకం) అంటున్నాడు, నాకు డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలక) నయమనిపిస్తోంది. గాలి ఆడటానికి జాలీ పెట్టిస్తే పురుగులు దూరవా? తలుపులు మాత్రం పక్కకి జరిపేవే కావాలి. నిచ్చెన మీద నిలబడి ముందుకి లాగితే మనిషి వెనక్కి తూలతాడు. కానీ వాటితో ఒకసారికి సగమే తెరుచుకుంటుంది, పెద్ద గుండిగ పట్టదు. దీనికేం చేయొచ్చు?